గుమ్మడికాయ సరే, మేపుల్ ఆకులెక్కడివి?

ఈసారి వచ్చిన ప్రశ్నలు చదువుతుంటే నవ్వొచ్చింది. సగానికి పైగా అందరూ అడిగింది ఒకటే, తలో రకంగా. వానలు తగ్గాయి, సాయంత్రం గాలి కాస్త చల్లబడింది, ఇంట్లో ఏదైనా కొత్తగా చెయ్యాలని ఉంది, ఏం చెయ్యాలి అని. సరే, చీరల మీద మరకలు, ఫ్రిజ్‌లో వాసనలు అన్నీ పక్కన పెట్టి ఈసారి మొత్తం శరత్తుకే ఇచ్చేశాను. మరకల వాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: అక్కా, మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. సెప్టెంబరు చివరికొచ్చేసరికి వాళ్ళింటి మెట్ల మీద గుమ్మడికాయలు, తలుపుకి ఎర్రటి మేపుల్ ఆకుల దండ, లోపల దాల్చినచెక్క వాసనొచ్చే కొవ్వొత్తులు. వీడియో కాల్‌లో చూపిస్తే ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. మనింట్లో కూడా అలా చేద్దామని ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ మేపుల్ ఆకుల దండలు చూసి పెట్టుకున్నాను. మా ఆయన ‘హైదరాబాద్‌లో మేపుల్ ఏంటే’ అని ఒకటే వెక్కిరింపు. కొనమంటారా?
— ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: కొనకండి. మీ ఆయన వెక్కిరించాడని చెప్పట్లేదు, నేను కొని అనుభవించాను కాబట్టి చెబుతున్నాను. రెండేళ్ళ కిందట ఇలాగే ఎక్కడో ఫొటో చూసి ముచ్చటపడి మా అబ్బాయి చేత తెప్పించాను. కవరు విప్పగానే కొత్త చెప్పుల కొట్లో వచ్చే వాసన. బాల్కనీ గ్రిల్లుకి కడితే పదిహేను రోజుల ఎండకి ఆ ఎరుపంతా వెలిసి, ఉతికి ఉతికి పాడైన లంగా రంగుకి వచ్చింది. ఆ తర్వాత పావురాలు ఒక్కో ఆకే పీక్కెళ్ళి ఏసీ డబ్బా వెనక గూడు కట్టుకున్నాయి. వాటికైనా పనికొచ్చింది, పోనీలే అనుకున్నాను.

అసలు అక్కడ జరిగేది వేరు. చలి ముదిరి, పగలు కురచయ్యేసరికి చెట్టు ఆకులో పచ్చదనాన్ని తయారు చేయడం మానేస్తుంది, అప్పటిదాకా దాని కింద దాక్కున్న పసుపు బయటపడుతుంది, మేపుల్ లాంటి వాటిలో ఎరుపు అప్పుడే కొత్తగా పుడుతుంది, ఆ తర్వాత రాలిపోతుంది. మనకి ఆకు రాలేది శిశిరంలో. రావి, వేప, మోదుగ అన్నీ ఫిబ్రవరి, మార్చిలో బోడి అవుతాయి. ఆశ్వయుజంలో మన చెట్లు చూడండి, మూడు నెలల వాన తాగి ఏడాది మొత్తంలో ఎప్పుడూ లేనంత పచ్చగా ఉంటాయి. అంత పచ్చటి వేపచెట్టు ఎదురుగా ఎర్రటి ప్లాస్టిక్ ఆకు కడితే మే నెలలో స్వెట్టర్ వేసుకుని పెళ్ళికెళ్ళినట్టుంటుంది.

మన శరత్తంతా పూలల్లో ఉంటుంది. బతుకమ్మకి వారం ముందు నుంచీ రోడ్ల పక్కన గోనెసంచుల మీద కుప్పలు పోసి అమ్మే గునుగు, తంగేడు, బంతి, చామంతి, పట్టుకుచ్చులు. మీది కూకట్‌పల్లే కాబట్టి రైతుబజారు బయటే దొరుకుతాయి, ఓపికుంటే తెల్లారుజామున గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి వెళ్ళండి, ఆ వాసనకే టికెట్ పెట్టొచ్చు. తంగేడు చూడ్డానికి బాగుంటుంది గానీ సాయంత్రానికే వాడిపోయి ఇల్లంతా రాలుస్తుంది, దాన్ని బతుకమ్మలోకే ఉంచండి. గునుగు, పట్టుకుచ్చులు మాత్రం కాస్త ఎక్కువ కొనండి. పది కాడలు కట్టగా కట్టి, ఎండ తగలని చోట తలకిందులుగా వేలాడదీయండి. వారం, పది రోజుల్లో గలగలలాడేలా ఎండుతాయి, రంగు పెద్దగా పోదు. అటక మీద ఉన్న పాత ఇత్తడి చెంబు తోమి అందులో పెట్టండి, సంక్రాంతి దాకా అలాగే ఉంటాయి. నీళ్ళు పొయ్యక్కర్లేదు, పొయ్యకూడదు కూడా.

ఇక గుమ్మడికాయ. అది తప్పకుండా పెట్టండి. ఇక్కడే మీ ఆయనకి చెప్పాల్సిన మాట ఒకటుంది. మనం కూర వండుకునే తీపి గుమ్మడి, మన గడపల మీద వేలాడే బంతి, మన మక్కలు, మన సీతాఫలం, ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి కొన్ని వందల ఏళ్ళ కిందట ఓడలెక్కి వచ్చినవే. బూడిద గుమ్మడి మాత్రం ఆసియాది. పోతే, మీ అమ్మాయి ఇంట్లో వచ్చే ఆ దాల్చినచెక్క, లవంగం, జాజికాయ వాసనలు శ్రీలంక, ఇండోనేషియా దీవుల నుంచి వాళ్ళ దగ్గరికి వెళ్ళినవి. స్టార్‌బక్స్ వాళ్ళు 2003లో గుమ్మడి మసాలా కాఫీ అని అమ్మడం మొదలుపెట్టినప్పుడు అందులో గుమ్మడికాయే లేదట, వట్టి మసాలాలే, 2015లో గానీ గుమ్మడి కలపలేదు. కాబట్టి ఎవరు ఎవర్ని కాపీ కొడుతున్నారో మీ ఆయన్ని తేల్చమనండి.

కొనేటప్పుడు తొడిమ ఊడని కాయ తీసుకోండి, తొడిమ పోయిన చోటి నుంచే కుళ్ళు మొదలవుతుంది. గోరు గుచ్చితే దిగకూడదు. ఇంటికి తెచ్చాక పొడి గుడ్డతో తుడిచి, గుమ్మం పక్కన చుట్టకుదురు మీద పెట్టండి, అడుగున గాలాడుతుంది. కోయకుండా ఉంటే నెలకు పైగా ఆగుతుంది. తీపి గుమ్మడే తేవాలి, బూడిద గుమ్మడి తెచ్చి పెట్టారంటే మెట్లెక్కే ప్రతివాళ్ళూ ‘ఎవరి దిష్టమ్మా’ అని అడుగుతారు.

కాయ చూసి చూసి విసుగొచ్చాక చెక్కు తియ్యకుండా పెద్ద ముక్కలు కోసి పులుసు పెట్టండి. చింతపండు రసంలో ముక్కలు, ఉల్లిపాయ చీలికలు, పచ్చిమిర్చి, పసుపు వేసి ఉడికాక కాస్త బెల్లం, వేయించి దంచిన నువ్వుల పొడి రెండు స్పూన్లు, చివర్లో ఎండుమిర్చి, ఇంగువ పోపు. ముద్దపప్పులోకి కలుపుకుని తింటే కొవ్వొత్తి లేకపోయినా ఇల్లు ఘుమఘుమలాడుతుంది.

ప్రశ్న: ఆంటీ, నేను మాదాపూర్‌లో జాబ్ చేస్తా. ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. ఈ మధ్య బండి మీద వస్తుంటే చల్లగాలి తగిలి ఇంటికెళ్ళగానే వేడివేడిగా ఏదైనా తినాలనిపిస్తోంది. ఆర్డర్ పెడితే వచ్చేలోపు చల్లారిపోతుంది. మాది కరీంనగర్ వైపు, అమ్మ చేసే సర్వపిండి అంటే ప్రాణం. నేను చేస్తే అడుగు మాడుతుంది, పైన పచ్చిగా ఉంటుంది. ఎక్కడ తప్పు?
— ఓ పాఠకుడు, మియాపూర్

జవాబు: తప్పు నీది కాదు తమ్ముడూ, నీ మంటది. ఇంకా చెప్పాలంటే నీ తొందరది. సర్వపిండికి మూడు చోట్ల దెబ్బ తగులుతుంది, మూడూ చెబుతా.

మొదటిది పిండి. బియ్యప్పిండి రెండు కప్పులు, గంటసేపు నానిన శనగపప్పు రెండు స్పూన్లు, నువ్వులు రెండు స్పూన్లు, వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు గుప్పెడు, సన్నగా తరిగిన ఉల్లిపాయ ఒకటి, కరివేపాకు, కొత్తిమీర, జీలకర్ర, కారం, ఉప్పు. శనగపప్పు నానబెట్టడం పొద్దున మర్చిపోతావు కాబట్టి ఆఫీసు నుంచి రాగానే వేడినీళ్ళలో వేసి స్నానానికి వెళ్ళు, వచ్చేసరికి పని జరిగిపోతుంది. ఈ పిండిలోకి చల్లనీళ్ళు పోస్తే తట్టేటప్పుడు విరుగుతుంది. గోరువెచ్చటి నీళ్ళు కొద్దికొద్దిగా పోసి, చపాతీ పిండి కంటే మెత్తగా, గారెల పిండి కంటే గట్టిగా కలుపు. ఉల్లిపాయ నీరు వదులుతుంది, అది గుర్తుపెట్టుకుని కాస్త గట్టిగానే ఆపు.

రెండోది గిన్నె. పలచటి నాన్‌స్టిక్ పెనం మీద చేస్తే నువ్వు చెప్పినట్టే అవుతుంది. అడుగు మందంగా ఉన్న గుంట మూకుడు కావాలి. చల్లటి మూకుడులో నూనె రాసి, పిండి ముద్ద మధ్యలో పెట్టి, చెయ్యి తడి చేసుకుంటూ అంచుల దాకా పలచగా తట్టు. వేలితో అయిదారు చోట్ల చిల్లులు పెట్టి ఒక్కో చిల్లులో చుక్క నూనె వెయ్యి. ఆ చిల్లులు అందానికి కాదు, ఆవిరి, నూనె రెండూ తిరగడానికి. ఇప్పుడు పొయ్యి మీద పెట్టి, మూత పెట్టి, సిమ్‌లో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. మూత పెట్టకపోవడం వల్లే నీకు పైన పచ్చిగా ఉండిపోతోందని నా అనుమానం. తిరగెయ్యకూడదు. అడుగు ఎర్రగా కరకరలాడాలి, పైన మెత్తగా ఉండాలి, దాని రుచే అది.

మూడోది, చాలామంది చేసే పొరపాటు, ఒకటి దించగానే అదే వేడి మూకుడులో రెండోది తట్టడం. చెయ్యి కాలుతుంది, పిండి అడుగు తట్టుతుండగానే ఉడికిపోతుంది. మూకుడు బోర్లించి వెనక నుంచి కుళాయి కింద పెట్టి చల్లార్చి, తుడిచి, మళ్ళీ మొదలుపెట్టు. లేదా రెండు మూకుళ్ళు కొనుక్కో. జీతగాడివే కదా.

దీన్నే తపాలచెక్క అనేవాళ్ళున్నారు, గిన్నప్ప అనేవాళ్ళున్నారు, మీ ఫ్లాట్‌లో వరంగల్ అబ్బాయి ఉంటే పేరు దగ్గరే గొడవ మొదలవుతుంది. ఏ పేరైనా పక్కన పచ్చిపులుసు ఉండాలి. చింతపండు పులుసులో పచ్చి ఉల్లిపాయ, కాల్చిన పచ్చిమిర్చి పిసికి వెయ్యి, ఇష్టమైతే కాస్త నువ్వుల పొడి. పొయ్యితో పనే లేదు, సర్వపిండి మగ్గేలోపు అయిపోతుంది.

ఆదివారం తీరికగా ఉంటే మక్కగారెలు. లేత కంకులు తేకు, నూనెలో విచ్చిపోతాయి. గింజ నొక్కితే పాలు చిక్కగా రావాలి, అంతకంటే ముదిరితే రుబ్బడానికి మిక్సీ ఏడుస్తుంది. గింజలు, పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర, నీళ్ళు లేకుండా బరకగా రుబ్బు. నీరుగా అనిపిస్తే గుప్పెడు శనగపిండి కలుపు. మీ అమ్మకి చెప్పకు.

ప్రశ్న: మాది రాజమండ్రి, హైదరాబాద్ వచ్చి మూడేళ్ళయింది. బతుకమ్మ రోజుల్లో అపార్ట్‌మెంట్‌లో అందరూ పిలిచి ఏవేవో పొడులు, అన్నాలు చేతిలో పెడతారు. నేను ఖాళీ చేతులతో వెళ్ళి డబ్బాలు నింపుకుని వస్తున్నాను, సిగ్గుగా ఉంటోంది. నేనేం చేసి తీసుకెళ్ళొచ్చు? తప్పు చేస్తే ఏమైనా అనుకుంటారా?
— ఓ పాఠకురాలు, వనస్థలిపురం

జవాబు: ఏమీ అనుకోరు చెల్లెమ్మా. మీరు ఏం తెచ్చారన్నది కాదు, రెండు చుట్లు వాళ్ళతో చప్పట్లు కొట్టి తిరిగారా లేదా అన్నదే చూస్తారు. అయినా మీరు అడిగారు కాబట్టి చెబుతా.

పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు. రోజుకో పేరు, చాలా పేర్లలోనే ఆ రోజు ఏం చెయ్యాలో ఉంది: అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యం బతుకమ్మ, అట్ల బతుకమ్మ, వెన్నముద్దల బతుకమ్మ. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు, నైవేద్యం పెట్టరు, మీరు కూడా ఆ రోజు డబ్బా పట్టుకుని బయల్దేరకండి. చూశారా, అయిదో రోజు మీ కోసమే ఉంది. అట్లు రాని రాజమండ్రి అమ్మాయి ఉంటుందా?

చివరి రోజు మాత్రం సద్దులు. పెరుగన్నం, చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, కొబ్బరన్నం, నువ్వులన్నం. మొదటి నాలుగూ మీకు వచ్చు. నువ్వులన్నం మీకు కొత్త అయితే అదే చేసి తీసుకెళ్ళండి, మనసులు గెలిచేస్తారు. అరకప్పు తెల్ల నువ్వులు నూనె లేకుండా సన్న మంట మీద చిటపటమనే దాకా వేయించాలి, రంగు మారేదాకా ఆగితే చేదెక్కుతాయి. పక్కనే నాలుగు ఎండుమిర్చి. రెండూ చల్లారాక ఉప్పు వేసి పొడి కొట్టండి, మిక్సీ ఆపి ఆపి తిప్పాలి, ఏకధాటిగా తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. పలుకుగా వండి ఆరబెట్టిన అన్నానికి నువ్వుల నూనె పోపు, కరివేపాకు, ఈ పొడి. అంతే.

మీరు పొడులన్నవి సత్తుపిండ్లు. నువ్వులు, పల్లీలు, పెసలు, మక్కలు ఇలా ఏదో ఒకటి దోరగా వేయించి, పొడి చేసి, చక్కెరో బెల్లమో కలుపుతారు. మలీద అని ఇంకొకటి ఉంటుంది, రొట్టెని వేడిమీదే చిదిమి బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు చేస్తారు. నాకు ఇవన్నీ ఒక ఎత్తు, మలీద ఒక ఎత్తు. నెయ్యి దగ్గర చెయ్యి వెనక్కి తియ్యనివాళ్ళు చేస్తే ఇంకేమీ అక్కర్లేదు.

ఇంకో సంగతి. వాళ్ళ డబ్బాలు ఖాళీగా తిరిగివ్వకూడదని మీకు చెప్పక్కర్లేదు. దసరా వెళ్ళాక వారం, పది రోజులకి, పున్నమి దాటిన మూడో రోజు అట్లతద్ది వస్తుంది. ఇక్కడ చాలామంది ఇళ్ళలో ఆ పండగ లేదు. తెల్లారకముందే గోంగూర పచ్చడి, పెరుగన్నం తినడం, గోరింటాకు పోటీలు, చంద్రుణ్ణి చూశాక పదకొండు అట్లు వాయనం ఇవ్వడం ఇవన్నీ చెబుతూ ఆ రోజు మీ ఇంటికే పిలవండి. వచ్చే ఏడాదికి మీ అపార్ట్‌మెంట్‌లో రెండు పండగలు అవుతాయి.

ప్రశ్న: మేడమ్, సీతాఫలాలు ఇంటికి తెస్తే సగం రాళ్ళలా ఉండిపోతున్నాయి, సగం ఒక్క రోజులోనే పగిలి చీమలు పడుతున్నాయి. పిల్లలకి పాయసం చేద్దామంటే చేదొచ్చింది.
— ఓ పాఠకుడు, సీతాఫల్‌మండి

జవాబు: సీతాఫల్‌మండిలో ఉండి సీతాఫలం గురించి నన్నడుగుతున్నారు, బాగుంది!

కాయ మీద కన్నులు బాగా విచ్చుకుని, వాటి మధ్య గీతలు తెల్లగానో లేత పసుపుగానో తేరితేనే అది ముదిరినట్టు. కన్నులు దగ్గరదగ్గరగా, గీతలు పచ్చగా ఉన్న కాయని బియ్యం డబ్బాలో కాదు, బంగారు పెట్టెలో పెట్టినా పండదు, నల్లబడి ఎండిపోతుంది. ముదిరిన కాయల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి, చలికి పండకుండానే నల్లబడతాయి. బుట్టలో గోనెపట్టా వేసి, ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, రోజూ పొద్దున ఒక్కసారి వేలితో తట్టి చూడండి. మెత్తబడ్డది ఆ పూటే తినాలి, మిగిలితే అప్పుడు ఫ్రిజ్. బాలానగర్ కాయ అని అరుస్తుంటారు, అది మన ఊరి బాలానగర్ కాదు, మహబూబ్‌నగర్ జిల్లాది, ఆ రకానికే ఆ పేరు.

పాయసం చేదెందుకొచ్చిందంటే గుజ్జుని పాలతో కలిపి మరిగించారు కాబట్టి. సీతాఫలం వేడికి ఓర్చుకోదు. పాలు మూడో వంతు ఇగిరేదాకా కాచి, చక్కెర వేసి, పూర్తిగా చల్లారాక గుజ్జు కలపండి. గింజలు చేత్తోనే తియ్యాలి, మిక్సీలో వెయ్యకండి, ఆ గింజలోపలి పప్పు విషం. పేలకని గింజల పొడి తలకి పట్టించే అలవాటు కొన్ని ఇళ్ళలో ఇంకా ఉంది, అది కంట్లో పడితే చూపుకే ప్రమాదం, మానెయ్యమని చెప్పండి.

ప్రశ్న: హాల్లో ఉరుళిలో, అదే ఆ వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి పూలు వెయ్యాలని, సాయంత్రం సాంబ్రాణి వెయ్యాలని ఆశ. బాబుకి ఆస్తమా. అత్తగారేమో పొగ వేస్తే దోమలు పోతాయంటారు.
— ఓ పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: పొగ వద్దు. సాంబ్రాణి అయినా, అగరుబత్తి అయినా, అమెరికా బంధువులెవరైనా పంపిన వాసన కొవ్వొత్తి అయినా ఆస్తమా ఉన్న పిల్లాడి ఊపిరికి అన్నీ ఒకటే. అత్తగారికి నా పేరు చెప్పండి, వినకపోతే బాబు డాక్టరు చేతే చెప్పించండి.

దోమల మాటకొస్తే ఆ ఉరుళి మీదే నాకు అనుమానం. వానలు వెళ్ళీ వెళ్ళని ఈ రోజుల్లోనే డెంగీ ఎక్కువ, ఆ దోమ గుడ్డు పెట్టేది ఇలాంటి శుభ్రమైన, కదలని నీళ్ళలోనే. గుడ్డు దోమయ్యేసరికి వారం, పది రోజులు పడుతుంది, కాబట్టి రెండు రోజులకోసారి నీళ్ళు పారబోసి, గిన్నె లోపలి గోడలు పీచుతో రుద్ది మళ్ళీ పొయ్యండి. గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి, నీళ్ళు మార్చి రుద్దకపోతే లాభం లేదు. కుండీల కింద పళ్ళేలు, కూలర్ అడుగు కూడా చూసుకోండి. కూలర్ ఇంకా మూట కట్టలేదు కదూ? నాకు తెలుసు, మాదీ కట్టలేదు. అక్టోబరులో మధ్యాహ్నం ఇంకా 30 డిగ్రీలు దాటుతుంటే ఎవరు కడతారు!

మీ సందులో ఎవరింట్లోనైనా పారిజాతం చెట్టుంటే పొద్దున్నే నేల మీద రాలిన పూలు ఏరి, నీళ్ళు లేని వెడల్పాటి పళ్ళెంలో పరిచి కిటికీ దగ్గర పెట్టండి. ఏ పూలవాసనైనా బాబుకి పడుతుందో లేదో మొదటి రోజే చూసుకోండి.

ప్రశ్న: అమ్మ పోయి ఏడాదైంది. ఆవిడ కాటన్ చీరలు రెండు పెట్టెలున్నాయి. ఎవరికీ ఇవ్వలేను, కట్టుకోలేను. చలికాలం వస్తోంది, బొంత కుట్టించమని మా ఆడపడుచు అంటోంది. చీరలు కత్తిరించాలంటే చెయ్యి రావట్లేదు.
— ఓ పాఠకురాలు, ఉప్పల్

జవాబు: కత్తిరించక్కర్లేదమ్మా. మన బొంతలో చీర కోయరు, మడుస్తారు.

నాలుగైదు చీరలు చాలు, బాగా నలిగి మెత్తబడ్డవే తియ్యండి. కొత్తవి బిరుసుగా ఉండి సూది దిగదు. పాలిస్టర్ కలిసినవి వద్దు, ఉక్కపోస్తుంది. ముందు అన్నీ ఉతికి రెండెండలు ఎండనివ్వండి. వానాకాలం అంతా పెట్టెలో ఉన్నవి కదా, ముక్కవాసన ఉంటుంది. ఒక్కో చీరని మంచం పొడవుకి మడతలు వేసి, ఒకదాని మీద ఒకటి నేల మీద పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టండి. అన్నిటికంటే మీకిష్టమైన చీర పైకి రావాలి, ఆవిడకిష్టమైనది ఒంటికి తగిలే వైపు. ముందు అంచుల వెంట పెద్ద కుట్లు, తర్వాత బెత్తెడు దూరంలో వరసలుగా లోపలికి. రెండు పేటల దారం, కాస్త లావు సూది. కుట్టు వంకర పోయినా ఫరవాలేదు, మా అమ్మ కుట్టిన బొంతలో ఒక్క వరసా తిన్నగా లేదు, ముప్ఫై ఏళ్ళుగా కప్పుకుంటున్నాం.

మీకు చెయ్యి రాకపోతే చుట్టుపక్కల అడగండి, బొంతలు కుట్టే ఆడవాళ్ళు పాత పేటల్లో ఇంకా ఉన్నారు. దూది పెట్టించాలని మాత్రం చూడకండి, హైదరాబాద్ చలికి అది ఎక్కువ. దూదేకేవాళ్ళు ధనుస్సు లాంటి ఆ కర్ర టంగుటంగుమనిపించుకుంటూ మా సందులోకి వచ్చే రోజుల్లో ప్రతి ఇంట్లోనూ దూది పరుపు ఉండేది, బొంత మాత్రం ఎప్పుడూ వట్టి చీరలదే.

మిగిలిన చీరల మధ్య నీడలో ఎండిన వేపాకు వేసి పెట్టె మూసెయ్యండి. వాటి సంగతి వచ్చే ఏడాది చూసుకోవచ్చు, తొందరేమీ లేదు.

ప్రశ్న: ఇరానీ చాయ్ ఇంట్లో ఎందుకు రాదు ఆంటీ? ఎన్ని వీడియోలు చూసినా మామూలు టీయే వస్తోంది.
— ఓ పాఠకురాలు, నారాయణగూడ

జవాబు: మీరు పాలు, నీళ్ళు, పొడి ఒకే గిన్నెలో వేస్తున్నారు, అందుకని. హోటళ్ళలో డికాక్షన్ వేరు, పాలు వేరు. నీళ్ళలో టీపొడి, చక్కెర వేసి, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి, సన్న మంట మీద ఇరవై నిమిషాలన్నా మగ్గనివ్వాలి. ఇంకో పొయ్యి మీద చిక్కటి పాలు సగానికి దగ్గరగా ఇగరాలి, ఇంట్లో అయితే రెండు స్పూన్ల కోవా వేస్తే పని తొందరగా అవుతుంది. కప్పులో ముందు పాలు, పైన డికాక్షన్. అల్లం, ఏలకులు వెయ్యకండి, వేస్తే బాగానే ఉంటుంది గానీ అది ఇరానీ కాదు. పక్కన ఉస్మానియా బిస్కెట్ పెట్టుకుని సాయంత్రం ఆరింటికి, లైట్ వెయ్యకముందు తాగండి. నారాయణగూడలో ఉంటూ ఇంత తిప్పలెందుకు, కిందికి దిగితే దొరుకుతుంది కదా అని మీ ఇంట్లో అడుగుతారు. వాళ్ళకి రెండో కప్పు ఇవ్వకండి.